వందకు చేరగానే వణుకు.. కారణం చెప్పగలరా?

"కారు గంటకు 100 కి.మీ. వేగంలో వణుకుతోంది. ఏం చేస్తారు?"

మెకానికల్ విద్యార్థులకు ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్న ఇది. వినడానికి చాలా తేలిగ్గా ఉంటుంది. ఫైనలియర్‌లో ఉన్నప్పుడు నన్నూ అడిగారు. "వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తాను సర్" అని టక్కున చెప్పాను. "చేయించారు. తగ్గలేదు. ఇప్పుడు?" అన్నారు. "వీల్ అలైన్‌మెంట్..." అన్నాను. "అదీ అయింది. ఇప్పుడు?" అన్నారు. నాకు తెలిసిన పేర్లు అయిపోయాయి. ఇంటర్వ్యూ కూడా అక్కడితో అయిపోయింది.

ఆ ప్రశ్నకు సరైన జవాబు కొన్నేళ్ల తర్వాత దొరికింది. అదీ పుస్తకంలో కాదు. నార్సింగి నుంచి శంషాబాద్ వెళ్లే ఔటర్ రింగ్ రోడ్డు మీద, మా బావ కారులో. ఇప్పుడు ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఆ జవాబు ముందే తెలిస్తే మేలు కదా! అందుకే ఆ సంగతంతా ఇక్కడ చెబుతున్నాను. మీది మెకానికల్ కాకపోయినా చదవండి. తప్పు ఎక్కడుందో వెతకడం అన్ని బ్రాంచీల వాళ్లకూ కావాల్సిన పనే.

బావ కారు.. 28 వేల మాట

మా బావకు నార్సింగిలో చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. ఎన్నాళ్లో కూడబెట్టిన డబ్బుతో ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. అయిదు గేర్ల మాన్యువల్. ముందు చక్రాలతో నడిచే బండి. సెలవు దొరికితే అక్కనూ పిల్లలనూ ఎక్కించుకుని ఔటర్ మీదుగా శంషాబాద్, అక్కడి నుంచి మహబూబ్‌నగర్. ఊళ్లో తిరిగినంతసేపూ కారు బాగానే ఉండేది. ఔటర్ ఎక్కి 85 దాటి, యాక్సిలరేటర్ తొక్కితే చాలు, సీటు కింద గడగడమని వణుకు మొదలయ్యేది. స్టీరింగ్‌లో పెద్దగా తెలిసేది కాదు. గేర్ రాడ్ మీద చెయ్యి పెడితే మాత్రం బాగా తెలిసేది.

ముందు బ్యాలెన్సింగ్ చేయించాడు. తగ్గలేదు. రెండు టైర్లు మార్పించాడు. తగ్గలేదు. అప్పటికే 9,000 రూపాయలు పోయాయి. ఆ తర్వాత షెడ్డులో ఉస్తాద్ బండి నడిపి చూసి, "క్లచ్ తొక్కితే వణుకు పోతుంది. అంటే క్లచ్చే. గేర్‌బాక్స్ దించాలి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, కావాలంటే ఫ్లైవీల్.. మొత్తం 28,000 అవుతుంది" అన్నాడట.

బావ నాకు ఫోన్ చేశాడు. "ఏం బామ్మర్దీ, మెకానికల్ సదివినవ్ గద, జర వచ్చి సూడరాదు. 28 వేలంటే మాటలా? అది పెట్టినంక గూడ తగ్గకపోతే ఏం జేద్దాం?"

ఆ చివరి మాటే నన్ను పట్టుకుంది. ఇంటర్వ్యూలో నన్ను అడిగిందీ అదే. "తగ్గకపోతే?"

మీరు కూడా ఉస్తాద్ మాటను ఒక్కసారి ఆలోచించండి. క్లచ్ తొక్కితే వణుకు పోతోంది కాబట్టి తప్పు క్లచ్‌దే. సబబుగానే అనిపిస్తోందా? ఇందులో ఒక లొసుగు ఉంది. అదేమిటో మీరే కనిపెట్టడానికి ప్రయత్నించండి. కాసేపట్లో మళ్లీ దాని దగ్గరకే వద్దాం.

ముందు లెక్క.. తర్వాతే స్పానర్

వేగంలో వచ్చే వణుకు దాదాపు ఎప్పుడూ ఏదో ఒక తిరిగే భాగం నుంచే వస్తుంది. కారులో తిరిగేవన్నీ ఒకే వేగంతో తిరగవు. కాబట్టి వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో తెలిస్తే, అనుమానితుల జాబితా సగానికి సగం తగ్గుతుంది. దీనికి పదో తరగతి లెక్కలు చాలు.

బావ కారు టైరు మీద 185/65 ఆర్15 అని ఉంది. దాని అర్థం: టైరు వెడల్పు 185 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ వ్యాసం 15 అంగుళాలు. అంటే రిమ్ 381 మి.మీ., పైనా కిందా కలిపి పక్క గోడలు 240 మి.మీ. మొత్తం వ్యాసం దాదాపు 621 మి.మీ. చుట్టుకొలత 1.95 మీటర్లు.

గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు 27.8 మీటర్లు. దీన్ని 1.95తో భాగిస్తే 14.2 వస్తుంది. చక్రం సెకనుకు 14.2 చుట్లు తిరుగుతోందన్న మాట. అంటే 14.2 హెర్ట్జ్. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే మిగతావన్నీ వరసగా వస్తాయి.

చక్రం, టైరు, హబ్: చక్రానికి ఒక పక్క బరువు ఎక్కువుంటే చుట్టుకు ఒక్క కుదుపు. 14.2 హెర్ట్జ్.

ముందు చక్రాల డ్రైవ్ షాఫ్ట్: మన షెడ్డుల్లో యాక్సిల్ అంటారు. చక్రంతో సమానంగానే తిరుగుతుంది. కానీ గేర్‌బాక్స్ పక్కనుండే లోపలి జాయింట్‌లో చాలా కార్లకు మూడు రోలర్లు ఉంటాయి. అది అరిగితే చుట్టుకు మూడు కుదుపులు. 42.6 హెర్ట్జ్.

ఇంజిన్, ఫ్లైవీల్, క్లచ్: బావ కారు అయిదో గేర్‌లో 100 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు ఇంజిన్ నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 41.7. ఫ్లైవీల్‌లోనో, క్లచ్‌లోనో బ్యాలెన్స్ తప్పితే వణుకు 41.7 హెర్ట్జ్ దగ్గర రావాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో చుట్టుకు రెండుసార్లు ఫైరింగ్ జరుగుతుంది కాబట్టి ఆ కుదుపు 83 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది.

పరిశ్రమలో ఇలా చుట్టుకు ఎన్ని కుదుపులో లెక్కగట్టడాన్ని ఆర్డర్ అనాలిసిస్ అంటారు. చుట్టుకు ఒకటైతే ఫస్ట్ ఆర్డర్, మూడైతే థర్డ్ ఆర్డర్. పేరు పెద్దది. పని మాత్రం పైన చేసిన భాగహారమే.

ఇక బ్యాలెన్సింగ్ సంగతి. రిమ్ అంచున 20 గ్రాముల తేడా ఉంటే ఏమవుతుందని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 100 కి.మీ. వేగంలో ఆ 20 గ్రాములు బయటికి లాగే బలం దాదాపు 30 న్యూటన్లు. అంటే 3 కిలోల బరువు సెకనుకు 14 సార్లు దిశ మార్చుకుంటూ లాగుతున్నట్టు. ఈ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 50 కి.మీ. దగ్గర దీనిలో నాలుగో వంతే ఉంటుంది. ఊళ్లో తెలియని వణుకు ఔటర్ మీద తెలియడానికి ఇదొక కారణం. రెండోది రెజొనెన్స్. సస్పెన్షన్ మీద వేలాడే చక్రానికి సహజ కంపనం సాధారణంగా 10 నుంచి 15 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. చక్రం తిరిగే వేగం సరిగ్గా అక్కడికి చేరేది 80-100 కి.మీ. దగ్గరే.

అయితే బ్యాలెన్స్ తప్పిన చక్రానికి మీరు యాక్సిలరేటర్ తొక్కారా, వదిలారా అన్నది పట్టదు. వేగం ఉంటే చాలు, వణుకుతుంది. బావ కారు తొక్కితేనే వణుకుతోంది. ఈ ఒక్క తేడా ముందే గమనించి ఉంటే రెండు టైర్ల డబ్బు మిగిలేది.

శంషాబాద్ వెళ్లేటప్పుడు..

ఒక ఆదివారం ఉదయం ఆరింటికి ఇద్దరం నార్సింగి దగ్గర ఔటర్ ఎక్కాం. నగరం చుట్టూ 158 కి.మీ. ఉన్న ఈ ఎనిమిది వరసల రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితిని 2023లో గంటకు 120 కి.మీ.కు పెంచారు. కాబట్టి 100 దగ్గర పరీక్ష పెట్టడానికి చట్టానికి లోబడే వీలుంది. బావ డ్రైవింగ్ మాత్రమే చేయాలి, ఫోన్, కాగితం, పెన్ను నా దగ్గరే ఉండాలి అని ముందే అనుకున్నాం.

ఫోన్‌లో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకున్నాను. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసింది. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ ఎంత ఊగుతోందో చూపి, ఏ హెర్ట్జ్ దగ్గర ఎక్కువ ఊగుతోందో గ్రాఫ్ గీస్తుంది. నా ఫోన్ సెకనుకు 200 సార్లు కొలుస్తుంది. కొలిచే వేగంలో సగం వరకే నమ్మాలన్న నైక్విస్ట్ సూత్రం ఈసీఈ వాళ్లకు తెలుసు. అంటే నాకు 100 హెర్ట్జ్ వరకు కనిపిస్తుంది. అది చాలు.

మొదటి పరీక్ష బయలుదేరే ముందే చేశాం. బండి నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ మీద కాలు తీసేసి ఇంజిన్‌ను 2,500 వరకు పెంచాం. వణుకు లేదు. ఆ స్థితిలో ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు, క్లచ్ ప్లేటు అన్నీ 2,500 దగ్గరే తిరుగుతున్నాయి. వాటిలో బ్యాలెన్స్ తప్పి ఉంటే నిలబడిన బండిలోనూ కొంత తెలియాలి. తెలియలేదు. కానీ ఇంజిన్ మీద లోడ్ లేదు కాబట్టి, ఇంకా తేల్చి చెప్పలేం.

రెండో పరీక్ష ఔటర్ మీద. అయిదో గేర్, జీపీఎస్ ప్రకారం 100 కి.మీ. స్పీడోమీటర్ సాధారణంగా అసలు వేగం కంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది. అందుకే జీపీఎస్ అంకె తీసుకున్నాం. బావ యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే వణుకు మొదలైంది. గ్రాఫ్‌లో 42, 43 హెర్ట్జ్ మధ్య పొడవాటి గీత లేచింది.

నా లెక్క కాగితం చూసుకున్నాను. ఇంజిన్ 41.7. "బావా, ఉస్తాద్ చెప్పిందే కరెక్టు. ఇంజిన్, క్లచ్ దగ్గర్నే ఉంది" అనేశాను. బావ ఏమీ అనలేదు. 28,000 ఎక్కడి నుంచి తేవాలా అని ఆలోచిస్తున్నాడని ముఖం చూస్తేనే తెలిసింది.

చాయ్ దగ్గర తెలిసిన తప్పు

శంషాబాద్‌లో దిగి చాయ్ తాగుతూ కాగితం మళ్లీ తీశాను. 14.2ని మూడుతో గుణిస్తే 42.6. ఇంజిన్ 41.7. ఈ కారులో అయిదో గేర్‌లో ఇంజిన్ ఒక చుట్టు తిరిగే సమయానికి, యాక్సిల్ జాయింట్ మూడు కుదుపుల్లో ఒకటి వస్తుంది. రెండూ దాదాపు ఒకే చోట పడుతున్నాయి. 42-43 దగ్గర గీత కనిపిస్తే అది ఇంజిన్‌దా, యాక్సిల్‌దా చెప్పడానికి వీల్లేదు. నేను మొదట కనిపించిన అంకెను పట్టుకుని తీర్పు చెప్పేశాను. ఇంటర్వ్యూలో "బ్యాలెన్సింగ్" అన్నట్టే.

ఇప్పుడు ఉస్తాద్ మాట దగ్గరకు వద్దాం. క్లచ్ తొక్కితే వణుకు పోయింది. కానీ క్లచ్ తొక్కినప్పుడు ఎన్ని మారాయి? ఇంజిన్ వేగం 2,500 నుంచి ఐడ్లింగ్‌కు పడిపోయింది. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్ నుంచి విడిపోయింది. యాక్సిల్ మీదుగా చక్రాలకు వెళ్లే బలం ఆగిపోయింది. మూడూ ఒకేసారి మారాయి. వీటిలో దేని వల్ల వణుకు పోయిందో ఆ పరీక్ష చెప్పలేదు. ముగ్గురు ఒకేసారి గది నుంచి బయటికి వెళ్లాక గోల తగ్గితే, గోల చేసింది వాళ్లలో ఎవరో ఎలా తెలుస్తుంది? లొసుగు ఇదే.

కాబట్టి ఒక్కటి మాత్రమే మారే పరీక్షలు కావాలి. మాన్యువల్ గేర్ బండిలో ఆ సౌకర్యం మన కాళ్ల దగ్గర, చేతి దగ్గరే ఉంది.

నార్సింగికి వచ్చేటప్పుడు..

మూడో పరీక్ష: వేగం అదే, గేర్ వేరు. 100 కి.మీ. దగ్గరే నాలుగో గేర్ వేశాం. ఇంజిన్ 3,300కు చేరింది. అంటే 55 హెర్ట్జ్. చక్రాలు, యాక్సిల్ మాత్రం ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. తప్పు ఇంజిన్, క్లచ్ వైపు ఉంటే గీత 55 దగ్గరకు జరగాలి. గేర్‌బాక్స్ దాటాక ఉంటే 42-43 దగ్గరే నిలవాలి.

బావ యాక్సిలరేటర్ తొక్కాడు. వణుకు వచ్చింది. గీత 42, 43 మధ్యే నిలబడింది. 55 దగ్గర చెప్పుకోదగ్గది ఏమీ లేదు. వేగం 90కి తగ్గించి మళ్లీ చూశాం. గీత 38కి దిగింది. 90 దగ్గర చక్రం 12.8 చుట్లు, దానికి మూడింతలు 38.4. లెక్క సరిపోయింది.

నాలుగో పరీక్ష: వేగం అదే, గేర్ అదే, కాలు వేరు. క్లచ్ ముట్టుకోకుండా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాడు. బండి గేర్‌లోనే ఉంది, క్లచ్ పట్టుకునే ఉంది, మొదటి సెకన్లలో ఇంజిన్ వేగమూ దాదాపు అంతే. మారింది ఒక్కటే, ముందుకు తోసే బలం. వణుకు ఠక్కున ఆగింది. తొక్కితే వచ్చింది. వదిలితే పోయింది. అయిదారు సార్లు చేశాం. ప్రతిసారీ అంతే.

ఇక చెప్పొచ్చు. గేర్‌బాక్స్ దాటాక, చక్రం చుట్టుకు మూడుసార్లు, బలం పడినప్పుడే. ఈ మూడు గుర్తులూ కలిసేది యాక్సిల్ లోపలి జాయింట్‌కే.

ఆ జాయింట్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. మధ్యలో మూడు కాళ్ల ముక్క. ఒక్కో కాలికి ఒక్కో రోలర్. అవి ఒక గిన్నె లాంటి భాగంలోని మూడు గాడుల్లో జారుతుంటాయి. చక్రం గుంతలో పైకీ కిందికీ కదిలినప్పుడు యాక్సిల్ పొడవు కొంచెం పెరగాలి, తగ్గాలి. ఆ వెసులుబాటు ఇచ్చేది ఇదే. రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి పోయి, దుమ్ము లోపలికి చేరితే రోలర్లు జారడం మానేసి రాసుకుంటాయి. మూడు రోలర్లు కాబట్టి చుట్టుకు మూడు తోపులు. బలం ఎక్కువైతే తోపు ఎక్కువ.

సోమవారం షెడ్డుకు వెళ్లాం. ఉస్తాద్‌తో వాదన పెట్టుకోలేదు. కాగితం చూపించి, "లోపలి జాయింట్ ఒకసారి చూడండి ఉస్తాద్" అన్నాను. బండి పైకి లేపి టార్చి వేశాడు. గేర్‌బాక్స్ పక్కన క్లిప్పు దగ్గర బూటు చిరిగి ఉంది. చుట్టుపక్కల గ్రీజు చిమ్మిన మరక. చేత్తో పట్టుకుని ఊపితే ఆట బాగా తెలిసింది. విప్పితే గాడుల్లో రోలర్లు తిన్న గుర్తులు. ఇంకొక సంగతి ఆయనే పట్టుకున్నాడు. ఇంజిన్ మౌంటింగ్ ఒకటి కుంగిపోయి ఉంది. ఇంజిన్ కిందికి జారితే యాక్సిల్ కోణం పెరుగుతుంది, జాయింట్ మీద భారం పెరుగుతుంది. "ఇది మార్చకపోతే కొత్త జాయింట్ గూడ ఎక్కువ దినాలు ఉండదు" అన్నాడు. నా లెక్కలో ఆ మాట లేదు. జాయింట్, బూటు, మౌంటింగ్, కూలీ అన్నీ కలిపి 8,000 లోపే అయ్యింది. ఆ వారమే అక్క, పిల్లలతో బావ మహబూబ్‌నగర్ వెళ్లొచ్చాడు.

ఇందులో ఉస్తాద్ మోసమేమీ లేదు. చేతి అనుభవం ఆయనకుంది. ఎక్కడ చూడాలో తెలిశాక రెండు నిమిషాల్లో తప్పు పట్టేశాడు. లెక్క ఎక్కడ చూడాలో చెబుతుంది, ఏం చూడాలో అనుభవం చెబుతుంది. రేపు మీరు ఏ ప్లాంటులో చేరినా మీ పక్కన ఇలాంటి ఉస్తాద్ ఒకరు ఉంటారు. ఆయన దగ్గర నేర్చుకోవడం మీ ఉద్యోగంలో భాగమే.

వెనక చక్రాలతో నడిచే బండి అయితే..

ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్న ఇదే కావచ్చు. జీపు, పాత తరహా ఎస్‌యూవీ, గూడ్స్ ఆటో ట్రక్కుల్లో ఇంజిన్ ముందు, నడిచే చక్రాలు వెనక. మధ్యలో పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అయితే, చక్రం ఒక చుట్టు తిరిగేలోపు అది నాలుగు చుట్లు తిరుగుతుంది. మన టైరు లెక్కలో 100 కి.మీ. దగ్గర 57 హెర్ట్జ్. షాఫ్ట్ వంగినా, దాని బ్యాలెన్సింగ్ ముక్క ఊడినా వణుకు అక్కడ వస్తుంది. షెడ్డులో క్రాస్ అని పిలిచే యూనివర్సల్ జాయింట్ కోణాలు కుదరకపోతే దానికి రెట్టింపు దగ్గర వస్తుంది. ఎందుకు రెట్టింపు? థియరీ ఆఫ్ మెషిన్స్‌లో హుక్స్ జాయింట్ గుర్తుందా? ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుందని పరీక్ష కోసం బట్టీ పట్టాం కదా! అది ఇక్కడ పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి

భాగం పేరుతో మొదలుపెట్టకండి. ప్రశ్నతో మొదలుపెట్టండి. ప్యానెల్ చూసేది మీకు ఎన్ని పేర్లు తెలుసని కాదు, ఒక్కో అనుమానాన్ని ఎలా కొట్టేస్తారని.

1. లక్షణం అడగండి. ఏ వేగంలో మొదలవుతుంది? స్టీరింగ్‌లో తెలుస్తోందా, సీటులోనా? స్టీరింగ్‌లో అయితే ముందు చక్రాల వైపు, సీటులో అయితే వెనక వైపో, డ్రైవ్‌లైన్ వైపో అనుమానం పెట్టుకోవచ్చు. ఈమధ్య టైర్లు విప్పారా? వణుకు ఉన్నట్టుండి వచ్చిందా, మెల్లగా పెరిగిందా?

2. బండి నిలిపి ఇంజిన్ వేగం పెంచి చూస్తానని చెప్పండి. అప్పుడూ వస్తే ఇంజిన్ వైపు.

3. వేగం మార్చకుండా గేర్ మారుస్తానని చెప్పండి. ఇంజిన్ వేగంతో పాటు వణుకు మారితే ఇంజిన్, క్లచ్ వైపు. మారకపోతే గేర్‌బాక్స్ దాటాక.

4. వేగం, గేర్ మార్చకుండా యాక్సిలరేటర్ వదులుతానని చెప్పండి. వణుకు పోతే బలం మోసే జాయింట్లు, మౌంటింగులు. పోకపోతే చక్రాలు, టైర్లు, హబ్‌లు, బేరింగులు.

5. చివరగా హెర్ట్జ్ లెక్క వేసి చూపండి. టైరు సైజు అడిగి, పెన్ను తీసుకుని 14.2 దాకా వెళ్లండి. ఈ ఒక్క లెక్క మిమ్మల్ని మిగతా అభ్యర్థుల నుంచి వేరు చేస్తుంది.

"క్లచ్ తొక్కి చూస్తాను" అని కూడా చెప్పొచ్చు. కానీ వెంటనే, "దాంతో మూడు విషయాలు ఒకేసారి మారతాయి కాబట్టి అదొక్కటే చాలదు" అనండి.

మీది సీఎస్‌ఈ అయితే ఇదే జవాబు వేరే మాటల్లో మీకు పనికొస్తుంది. సర్వర్ నెమ్మదించిందని ఒకేసారి కోడ్, డేటాబేస్, సెట్టింగులు మూడూ మార్చేస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. మళ్లీ పాడైతే మొదటికే వస్తారు.

ఈ నైపుణ్యానికి చోటెక్కడ?

వాహనాల్లో శబ్దం, కంపనం, కుదుపుల మీద పనిచేసే విభాగాన్ని ఎన్‌వీహెచ్ అంటారు. కార్ల కంపెనీలు, విడిభాగాల కంపెనీలు, టెస్టింగ్ సంస్థలు అన్నింటిలోనూ ఈ పని ఉంటుంది. మన ఐటీ కారిడార్ అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే అనుకుంటాం. హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. గేర్‌బాక్సులు, డ్రైవ్‌లైన్లకు పేరున్న జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ టెక్నాలజీ కేంద్రం నార్సింగికి కూతవేటు దూరంలో నానక్‌రామ్‌గూడలో ఉంది. ఇంజినీరింగ్ సేవల కంపెనీ సైయెంట్ కూడా మన నగరానిదే. జహీరాబాద్‌లో మహీంద్రా, పెనుకొండ దగ్గర కియా ప్లాంట్లు ఉన్నాయి. టెస్టింగ్ వైపు వెళ్లాలంటే 1966లో మొదలైన పుణెలోని ఏఆర్ఏఐ, చెన్నై దగ్గర ఒరగడంలోని జీఏఆర్‌సీ, ఇందౌర్ దగ్గర పీథంపూర్‌లోని నాట్రాక్స్ పేర్లు గుర్తుపెట్టుకోండి. నాట్రాక్స్‌లో 11.3 కి.మీ. పొడవైన హైస్పీడ్ ట్రాక్ ఉంది. వీటి కెరియర్ పేజీలను తరచూ చూస్తుండండి.

విద్యుత్ కార్లు వచ్చాక ఈ పని పోతుందేమో అన్న అనుమానం వద్దు. క్లచ్ ఉండదు, గేర్లు మార్చే పని ఉండదు. కానీ చక్రాలు, యాక్సిళ్లు, జాయింట్లు ఉంటాయి. మోటారు కదలగానే పూర్తి బలం ఇస్తుంది కాబట్టి జాయింట్ల మీద భారం తక్కువేమీ కాదు. పైగా ఇంజిన్ మోత లేకపోవడంతో ఇంతకుముందు వినిపించని చిన్న రొద కూడా వినిపిస్తుంది.

ఈ నెలలో మీరు చేయగలిగింది

కారు లేకపోయినా పర్లేదు. ఫైఫాక్స్ వేసుకుని ఫోన్‌ను మిక్సీ పక్కనో, వాషింగ్ మెషిన్ మీదో పెట్టండి. డ్రమ్ తిరిగే వేగం మాన్యువల్‌లో ఉంటుంది. 60తో భాగించండి. గ్రాఫ్‌లో గీత అక్కడే వస్తోందా చూడండి. ఒక పక్కకే బట్టలు వేస్తే గీత ఎంత పెరుగుతుందో కొలవండి. ఆ డేటాను దించుకుని పైథాన్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ చేయండి. రెండు పేజీల రిపోర్టు రాయండి. ఏమనుకున్నారు, ఏం కొలిచారు, ఎక్కడ తప్పు పోయారు అన్నవి అందులో ఉండాలి. రెజ్యూమెలో కొనుక్కొచ్చిన ప్రాజెక్టు కంటే ఇది గట్టిగా నిలబడుతుంది. ఎందుకంటే ఎన్ని ప్రశ్నలు వేసినా మీరు జవాబు చెప్పగలరు.

సిద్ధాంతం కోసం ఎన్‌పీటెల్‌లో మెకానికల్ వైబ్రేషన్స్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. గేట్ మెకానికల్ సిలబస్‌లోనూ ఫ్రీ, ఫోర్స్‌డ్ వైబ్రేషన్లు, రెజొనెన్స్, షాఫ్టుల క్రిటికల్ స్పీడ్ ఉన్నాయి. ఒకే చదువు రెండు చోట్లా పనికొస్తుంది.

రోడ్డు మీద పరీక్షకు ముందు..

వణుకు ఉన్నట్టుండి మొదలైతే పరీక్షలు వద్దు. మెల్లగా సురక్షితమైన చోట ఆపి ముందు చక్రాల నట్లు చూడండి. టైరు మార్చిన తర్వాత నట్లు వదులై ఉంటే చక్రమే ఊడొచ్చు. టైరు పక్క గోడ ఉబ్బిందేమో చూడండి. రెండూ బాగుంటేనే పరీక్ష. తప్పనిసరిగా ఇద్దరు ఉండాలి. నడిపేవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు. వేగ పరిమితి దాటకూడదు. వెనక వాహనాలు లేని తిన్నటి రోడ్డు చూసుకోవాలి. కదిలే బండిలో ఇంజిన్ కీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి. బ్రేకుకు, స్టీరింగ్‌కు దొరికే సాయం పోతుంది. స్టీరింగ్ లాక్ కూడా పడొచ్చు.

బావ ఇప్పుడు ఎవరి బండి వణుకుతోందన్నా, "తొక్కితే వస్తుందా, వదిలినా వస్తుందా?" అని అడుగుతున్నాడు. టిఫిన్ సెంటర్ నడిపే మనిషికి ఒక్క ఆదివారంలో అబ్బిన ప్రశ్న అది. నాలుగేళ్లు చదివిన నాకు ఇంటర్వ్యూ రోజున తట్టలేదు. మీకు తట్టాలి. రేపు ప్యానెల్ ఎదుట కూర్చున్నప్పుడు జవాబు కంటే ముందు ఆ ప్రశ్న అడగండి.